పసుపు లైటు కింద చుక్కల పుస్తకం

ఒక డిపోలో ఒక్కడు తప్ప ఉన్న డ్రైవర్లందరినీ ఒకే పూటలో రంగులు కనబడనివాళ్ళుగా తేల్చిన ఘనత నాకుంది. కళ్ళ పరీక్ష కోర్సు చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి అడుగుతుంటారు, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని. ఏదో అరుదైన జబ్బు పేరు చెబుతానని పెన్ను తీసి కూర్చుంటారు. నేను టమాట పచ్చడితో మొదలుపెడతాను. సగంమంది మర్యాదగా గడియారం చూసుకుంటారు. మిగిలిన సగంమంది కోసం ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది చాంద్రాయణగుట్ట అవతల ఒక ప్రైవేటు బస్సుల కంపెనీలో. పేరెందుకులెండి. బడిపిల్లలను, ఫ్యాక్టరీల స్టాఫును తిప్పే బస్సులు. డ్రైవర్ల కళ్ళు పరీక్షించడం, బీపీ చూడడం, స్పానర్ జారి వేళ్ళు చితకగొట్టుకున్న మెకానిక్కులకు కట్టు కట్టడం, మేనేజరుగారికి తలనొప్పి మాత్ర ఇవ్వడం, అన్నీ నేనే. డ్రైవర్లు నన్ను "కండ్లక్క" అనేవాళ్ళు. యార్డు మూలన ఒక చిన్న గది, ఒక బల్ల, తలుపుకు ఒక పరదా, ఒకే ఒక్క కిటికీ. ఆ కిటికీకి అడ్డంగా బయట పాత టైర్లు పేర్చారు. తీయించమని ఎన్నిసార్లు చెప్పినా, "రేపు తీస్తం మేడం" అనేవాళ్ళు. నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ రేపు రాలేదు.

రంగుల పరీక్షకు మా దగ్గర చుక్కల పుస్తకం ఉండేది. మీకు తెలిసిందే, పేజీ నిండా రంగురంగుల చుక్కలు. మంచి కళ్ళకు ఆ చుక్కల మధ్య ఒక అంకె తేలుతుంది. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని కళ్ళకు తేలదు. మొదటి పేజీలో పన్నెండు మాత్రం అందరికీ కనిపిస్తుంది, పరీక్ష ఎట్లా ఉంటుందో అర్థం కావడానికి పెట్టింది అది. పుస్తకం డ్రైవరు వైపు తెరిచి పట్టుకుంటాను. నా చూపు డ్రైవరు ముఖం మీద. ఏళ్ళ తరబడి తిప్పీ తిప్పీ ఏ పేజీ తర్వాత ఏ అంకో నాకు నోటికొచ్చేసింది, పేజీ వైపు చూడాల్సిన పనే ఉండేది కాదు. నవ్వకండి, ఇంకో పదేళ్ళు పోతే మీరూ ఇంతే.

ఆ ఏడాది బోనాల వారంలో నా గదిలో ట్యూబ్‌లైటు కాలిపోయింది. మర్నాడే డ్రైవర్లందరికీ రంగుల పరీక్ష. అందులో తప్పినవాడు స్టీరింగ్ ముట్టుకోవద్దని ఇన్సూరెన్సు వాళ్ళ షరతు. ఎలక్ట్రీషియన్ కోసం కబురుపెట్టాను. అతనిది లాల్‌దర్వాజా. బోనాలు వస్తే గుడి వీధికి లైట్లు కట్టేది అతనే, ఆ వారం రోజులు అతను మా కంపెనీలో పనిచేస్తున్నట్టు అతనికే గుర్తుండేది కాదు. సాయంత్రానికి చంకలో ఏదో పెట్టుకుని వచ్చాడు.

"ట్యూబ్‌లైట్ స్టోర్ల లేదక్కా. పండుగ అయినంక వస్తది. అందాక ఇది పెడ్త."

"ఇదేంది?"

"గుడి గోపురం మీదికి కొట్టే ఫోకస్. రెండు మిగిలినయ్. పసుపు రంగు, శుభం. కండ్లకు సల్లగ ఉంటది."

"కండ్ల సంగతి నాకే చెప్తున్నవా?"

"చెప్తలేనక్కా, పెడ్తున్న," అని నిచ్చెన ఎక్కాడు.

స్విచ్చి వేయగానే గదంతా పసుపు నీళ్ళతో కడిగినట్టయింది. కాసేపు నాకు చిరాకేసింది. ఆ తర్వాత అలవాటైపోయింది. మన కన్ను ఎంతకైనా సర్దుకుపోతుంది, అదే దాని గొప్ప, అదే దాని రోగం. పొద్దున్న వచ్చి ఆ లైటు కిందే బల్ల తుడుచుకుని, పుస్తకం తీసి, మొదటివాణ్ణి పిలిచాను.

మొదటివాడు కుర్రవాడు. పన్నెండు చదివాడు. రెండో పేజీ తిప్పాను.

"ఏం లేదక్కా."

"సరిగ్గ చూడు."

"సరిగ్గనే చూస్తున్న. ఏం లేదు."

చివరిదాకా ఏం లేదు ఏం లేదనే అన్నాడు. పాపం అనుకున్నాను. ఇంతకాలం ఎట్లా బయటపడలేదో అనుకుని ఫెయిల్ అని చెప్పాను. రెండోవాడూ అంతే. మూడోవాడూ అంతే. నాలుగో అతను ఉర్దూ మాట్లాడేవాడు, నెమ్మదిగా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పేజీ మీదికి వంగాడు.

"బాజీ, ఇస్మే కుచ్ నై హై. రేతీచ్ రేతీ దిఖ్‌రీ."

ఇందులో ఏమీ లేదక్కా, అంతా ఇసుకే ఇసుక కనిపిస్తోంది అంటున్నాడు. "పొద్దుగాల ఏం తాగినవ్ భాయ్?" అని అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. చాయ్ తప్ప ఇంకోటి ముట్టని మనిషి.

పది గంటలయ్యేసరికి పరదా బయట లొల్లి మొదలైంది. ఎవడికివాడు ఒక కారణం చెబుతున్నాడు. నిన్నటి కల్లు వల్ల అన్నాడొకడు. "నేను తాగనే లేదు, నాకెందుకు పోయినయ్ మరి?" అని ఇంకొకడు మీదికి పోయాడు. ఫోన్ల వల్ల అన్నారు, బోరునీళ్ళ వల్ల అన్నారు. ఒకడు రోజ్‌వాటర్ తెచ్చి అందరి కళ్ళల్లో చుక్కలు వేయడం మొదలుపెట్టాడు. మొదట ఫెయిలైన కుర్రవాడు నా చెయ్యి పట్టుకున్నంత పనిచేసి యార్డులోకి లాక్కుపోయాడు.

"అగో, అది ఎర్ర బకెట్. గది గ్రీన్ డబ్బ. గీ బస్సు తెలుపు, దాని మీద గీత నీలం. ఏదన్న తప్పు చెప్పిన్నా?"

ఒక్కటీ తప్పు చెప్పలేదు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, "బకెట్ల సంగతి నాకొద్దు. పుస్తకంల కనబడాలె," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది కానీ అప్పుడు ఎంతో బాధ్యతగా అన్నాను ఆ మాట.

పదకొండు దాటాక ఒక పెద్దాయన వచ్చాడు. ఆ డిపోలో అందరికంటే సీనియరు డ్రైవరు. కుర్రవాళ్ళు ఆయన్ని "బాపు" అనేవాళ్ళు, నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఆయన బస్సుకు గీత పడగా ఎవరూ చూడలేదు. నర్సరీ పిల్లలు ఎక్కే బస్సు ఆయనకే ఇచ్చేవాళ్ళు. సీటుబెల్టు కూడా పెట్టుకోవడం రాని పసివాళ్ళను గుంతల్లో కుదుపు లేకుండా తీసుకుపోయేవాడు. స్టీరింగ్ ఆయనకు ఉద్యోగం కాదు, ఒంట్లో ఒక భాగం. ప్రతి ఏడూ పరీక్షకు వరసలో చిట్టచివర కూర్చునేవాడు, పరదా పక్కన బెంచీ మీద. ఆ రోజు మాత్రం ఫ్యాక్టరీ ట్రిప్పు నుంచి వస్తూనే నేరుగా లోపలికొచ్చాడు.

"ఏంది చెల్లె, అందర్నీ ఫెయిల్ చేస్తున్నవంట?"

"కూసో అన్నా. నువ్వన్న నిలవెట్టు నా పరువు."

నిలబెట్టాడు. పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది, యాభై ఏడు. చిన్నప్పుడు ఎక్కాలు చదివినట్టు గడగడా చదివేశాడు. ఒకచోట నేను పేజీ తిప్పకముందే అంకె చెప్పాడు. ఆ సంతోషంలో నేనది పట్టించుకోనేలేదు. ఒక్క తప్పూ లేదు. నాకు నిజంగా కళ్ళలో నీళ్ళొచ్చాయి. నా పరీక్ష తప్పు కాదు, నా పుస్తకం తప్పు కాదు, ఇదిగో చదివిన మనిషి ఉన్నాడు. ఆయనకు నా ఫ్లాస్కులో చాయ్ పోసి ఇచ్చాను.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. మంచివాడే, కానీ ఏ విషయమైనా సగం విని మిగతా సగం తనే తయారుచేసుకునే మనిషి.

"మేడం, అంటే ఇన్ని బస్సులకు కండ్లున్నోడు ఒక్కడేనా?"

"పరీక్ష ప్రకారం అంతే సార్."

"మరి వీళ్ళంతా ఇన్నేండ్లు గుడ్డిగ నడిపిండ్రా?"

"గుడ్డితనం వేరు, ఇది వేరు సార్..." అని నేను మొదలుపెట్టేలోపే ఆయన ఆర్డర్లు వేయడానికి వెళ్ళిపోయాడు. తాళాలన్నీ లాక్కున్నారు. ఫెయిలైన డ్రైవర్లు రోడ్డు దాటి చాయ్ తాగడానికి పోవాలంటే వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని దాటించాలన్నాడు. మా వాచ్‌మన్ డెబ్బై ఏళ్ళవాడు, ఒక కంటికి శుక్లం. ఆయన ఒక్కొక్క డ్రైవరును చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడం, దాటేటప్పుడు ఆ డ్రైవరే "జర ఆగు తాతా, ఆటో వస్తున్నది" అని ఆయన్ని వెనక్కి లాగడం నేను కళ్ళారా చూశాను.

మధ్యాహ్నం బడులు వదిలే వేళ అసలు తమాషా మొదలైంది. ఉన్నది ఒక్క డ్రైవరు. ఆ పెద్దాయనే ఒక బస్సులో ఒక బడి పిల్లలను దించి, మళ్ళీ వచ్చి ఇంకో బడికి పోవాలి. బడుల నుంచి ఫోన్లు, తల్లిదండ్రుల నుంచి ఫోన్లు. కొందరు తండ్రులు స్కూటర్ల మీద యార్డుకే వచ్చి గేటు ముందు అరుస్తున్నారు. లోపల డ్రైవర్లు నీడలో వరసగా కూర్చున్నారు, చావు ఇంటి ముందు కూర్చున్నట్టు. ఉర్దూ భాయ్ మాత్రం కళ్ళు మూసుకుని తస్బీ పూసలు తిప్పుకుంటూ జపం చేసుకుంటున్నాడు. ఒక్క పూటలో ఇంతమంది కూడు తీసేశాను అనుకుంటే నాకు అన్నం మీదికి మనసు పోలేదు.

మూడు గంటలకు ఆకలి ఆగక, గదిలోకి వచ్చి డబ్బా తెరిచాను. మాదన్నపేట మార్కెట్లో ముందురోజు ఏరి తెచ్చుకున్న టమాటలతో చేసిన పచ్చడి. చూస్తే రోడ్డు మీద పోసే డాంబరులా ఉంది. మురిగినవి అంటగట్టాడని కూరగాయలవాణ్ణి నాలుగు తిట్టుకుంటూ పారేయడానికి బయటికి వచ్చాను. గడప దాటగానే పచ్చడి ఎర్రగా ఉంది. నిగనిగలాడుతోంది. సరే, తిందామని లోపలికి వచ్చాను. మళ్ళీ డాంబరు. బయటికి వెళ్ళాను, ఎరుపు. లోపలికి వచ్చాను, నలుపు.

ఎలక్ట్రీషియన్ అటుగా పోతూ ఆగాడు. "ఏమైందక్కా, డబ్బ పట్కొని గడపల ఆడుతున్నవు?"

నేను గబగబా లోపలికి వెళ్ళాను. చుక్కల పుస్తకం తీసి, ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి, పేజీని నా వైపు తిప్పుకుని చూశాను. ఇసుక. ఉర్దూ భాయ్ చెప్పింది అక్షరాలా నిజం, ఇసుకే ఇసుక.

మీరు చదువుకున్నవాళ్ళు, మీకు ఇది ఒక్క ముక్కలో చెబితే చాలు. సూర్యుడి వెలుగులో ఎరుపు నుంచి ఊదా దాకా రంగులన్నీ కలిసి ఉంటాయి. టమాట అందులోంచి ఎరుపును మన కంటికి పంపి మిగతాది మింగేస్తుంది. గుడి గోపురానికి కొట్టే ఆ ఫోకస్ లైటులో పసుపు తప్ప ఇంకో రంగే లేదు. రాని ఎరుపును టమాట ఎక్కణ్ణుంచి తెచ్చి పంపుతుంది? బంతిలో వడ్డించేది పప్పు ఒక్కటే అయితే ఎవరి విస్తరిలోనైనా పప్పే ఉంటుంది. ఆ లైటు కింద దేవుడు దిగొచ్చి కూర్చున్నా ఆ పుస్తకంలో పన్నెండు దాటి చదవలేడు.

ఎగిరి గంతేశాను. అందరి కళ్ళూ బాగున్నాయి. ఈ మాట అరుస్తూ చెప్పడానికి గడప దాటబోయి అక్కడే ఆగిపోయాను. ఎవరూ చదవలేని చోట ఒక్కడు గడగడా చదివాడు. చూసి చదివి ఉండడు, కనబడేది ఏమీ లేదు కాబట్టి. అంటే చదివింది కళ్ళు కాదు, జ్ఞాపకం. కళ్ళు బాగున్న డ్రైవరుకు బట్టీ పట్టాల్సిన పనేముంది? ఈ డిపో మొత్తంలో రంగులు తెలియనివాడు ఒక్కడే ఉన్నాడు, నేను పాస్ చేసింది వాణ్ణే. ఆ సమయానికి ఆయన నర్సరీ పిల్లలను ఎక్కించుకుని రోడ్డు మీద ఉన్నాడు.

ఎవరికైనా చెప్పేముందు ఆయన్నే అడగాలని ఆగాను. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు. మొహం వాడిపోయింది. నేను గదిలో కూర్చోబెట్టి, పచ్చడి డబ్బా లోపల ఒకసారి, బయట ఒకసారి చూపించాను. ఆయనకు రెండుచోట్లా పెద్ద తేడా కనిపించలేదని ఆ చూపులోనే తెలిసింది. లైటు సంగతి చెప్పాను. రంగులు కనబడతాయా లేదా అని ఇక అడగనక్కర్లేకపోయింది. ఆయన నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు.

"ఎన్ని ఏండ్ల సంది అన్నా?"

"పుట్టినకాణ్ణుంచి. పరదా పక్కన కూసుంటే అందరు చెప్పేది ఇనబడ్తది కద. ఏడాదికోపారి ఇనుకుంట గుర్తు పెట్టుకున్న."

"సిగ్నల్ కాడ ఎట్ల?"

"మీదిది ఎరుపు, కిందిది గ్రీన్. రంగుతోటి పనేంది?"

"మరి ఆ కొత్త చౌరస్తాల? సిగ్నల్ స్తంభం మొత్తం ఒకటే రంగుల వెలుగుతది కద, ఎరుపైతె ఎరుపు, గ్రీనైతె గ్రీన్. మీద లేదు, కింద లేదు."

"వెనకోడు హారన్ కొడ్తడు," అన్నాడు. "గ్రీన్ పడినట్టు లెక్క."

మన ఊళ్ళో ఎర్ర లైటు ఉండగానే హారన్ కొట్టేవాళ్ళు ఎందరో మీకు నేను చెప్పాలా? ఆ బస్సులో వెనక సీట్లలో నిద్రపోయే పసిపిల్లలు నా కళ్ళ ముందు మెదిలారు. ఈ మనిషి మీద నాకు కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువ జాలి కూడా వచ్చింది.

"చెల్లె, లైట్ సంగతి చెప్పు. పోరగాండ్లు అందరు పాస్ అయితరు. నా సంగతి నీ కడుపుల పెట్టుకో. స్టీరింగ్ లేకుంటె నేను ఇంట్ల కూసోని ఏం జేయాలె?"

"చిన్న పిల్లలున్నరన్నా బస్సుల. రెండూ చెప్త."

"చెప్పు," అని లేచి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే యార్డులో షామియానా వేస్తున్నారు, మైకు వచ్చింది. డిపో పరువు నిలబెట్టిన డ్రైవరుకు సన్మానమట. నేను లైటు గురించి, పచ్చడి గురించి, ఎవరికీ కనబడని అంకెలను ఒక్కడే చెప్పడం గురించి పూస గుచ్చినట్టు చెప్పాను. మేనేజరు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు.

"అంటే మేడం, ఎవ్వరికీ కనబడని వెలుగుల ఆయనకు కనబడ్డయ్."

"కనబడలేదు సార్. బట్టీ పట్టిండు."

"ఆగండి, ఆగండి." ఫోను తీసి ఏదో వెతికాడు. "మనకు కనబడే వెలుగు మొత్తంల ఒక సన్న పట్టీ అంతేనట. దానికి ఇటు ఇన్‌ఫ్రారెడ్, మైక్రోవేవ్, రేడియో. అటు అల్ట్రావయొలెట్, ఎక్స్‌రే. కొన్ని పాములకు ఇన్‌ఫ్రారెడ్ తెలుస్తదట మేడం. తేనెటీగలకు అల్ట్రావయొలెట్ కనబడ్తదట. మన బాపుకు ఏది కనబడ్తదో ఎవరికెరుక?"

"సార్, ఆయన పాము కాదు, తేనెటీగ కాదు. డ్రైవరు. ఇంకోపారి పరీక్ష చేద్దాం."

"అంత మంచి కండ్లున్నోన్ని మళ్ళ పరీక్ష చేస్తె అవమానం కాదా?"

మిగతా అందరికీ యార్డులో ఎండలో బల్ల వేసి మళ్ళీ పరీక్ష పెట్టాను. అందరూ పాసయ్యారు. మొదటి కుర్రవాడు ప్రతి అంకెనూ యార్డంతా వినబడేలా అరిచి చెప్పాడు. ఉర్దూ భాయ్ ఇసుకలోంచి లేచిన అంకెను చూసి "సుభానల్లా" అన్నాడు. తాళాలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు. ఇక సన్మానం ఆగుతుందనుకున్నాను. మైకు వచ్చాక మన దగ్గర ఏదీ ఆగదని మరిచిపోయాను.

పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. ఆకుపచ్చ శాలువా కప్పారు. మేనేజరు పాముల గురించి, తేనెటీగల గురించి చాలాసేపు మాట్లాడాడు. కుర్రవాళ్ళు ఈలలు వేశారు. చివరన మేనేజరు గొంతు పెంచాడు.

"రేపటి నుంచి ఆ కొత్త సిగ్నల్ స్తంభాల చౌరస్తాల మన బస్సులన్నీ బాపు బస్సు వెనకనే ఆగాలె. బాపు కదిలితేనే కదలాలె. ఎవ్వరు హారన్ కొట్టొద్దు. ఆయన కండ్లే మనందరికీ సిగ్నల్."

చప్పట్లు మోగాయి. పెద్దాయన నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు బాగా అర్థమైంది. రేపు ఆ చౌరస్తాలో ఆయన వెనకవాళ్ళ హారన్ కోసం ఎదురుచూస్తాడు, వెనకవాళ్ళు ఆయన కదలడం కోసం ఎదురుచూస్తారు. వరసగా బస్సులన్నీ, వాటి నిండా పిల్లలతో, పొద్దుగూకేదాకా అక్కడే. అదీ కాకపోతే ఎవడో ఆటోవాడు ఎర్ర లైటు మీద హారన్ కొడతాడు, అన్ని బస్సులూ ఒకదాని వెనక ఒకటి ముందుకు పోతాయి. రెండు మాటలు మాట్లాడమని ఆయన చేతికి మైకు ఇచ్చారు.

"నాకు రంగులు కనబడయ్," అన్నాడు.

అందరూ నవ్వారు.

"నిజం చెప్తున్న. ఎరుపేదో గ్రీనేదో నాకు తెల్వది. కండ్లక్క పుస్తకం నేను బట్టీ పట్టిన."

ఇంకా గట్టిగా నవ్వి చప్పట్లు కొట్టారు. "ఎంత పెద్దోడైనా ఎంత అణకువ చూసిండ్రా," అన్నాడు మేనేజరు. పెద్దాయన భుజం మీది శాలువా పట్టుకుని, "గిదేం రంగు? నా కంటికి మట్టి రంగు. మీకు?" అన్నాడు. కుర్రవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. జీవితమంతా అబద్ధం చెబితే నమ్మారు, ఇవాళ నిజం చెబితే ఎవరూ నమ్మడం లేదు. ఆయన మైకు కింద పెట్టి, జేబులోంచి బస్సు తాళం తీసి మేనేజరు ముందు బల్ల మీద పెట్టాడు. అప్పుడు నవ్వులు ఒక్కొక్కటిగా తగ్గాయి.

"చెల్లె, పుస్తకం తే," అన్నాడు. "ఒక్కపారన్న నన్ను నిజంగ పరీక్ష చెయ్యి."

ఎండలో, అందరి ముందూ కూర్చున్నాం. నేను ఈసారి మధ్యలోంచి ఎక్కడపడితే అక్కడ తెరిచాను. ఆయన ప్రతి పేజీనీ తీరిగ్గా చూశాడు.

"ఏం లేదు."

తిప్పాను.

"ఏం లేదు."

డ్రైవర్లు చుట్టూ మూగారు. వాళ్ళకు ప్రతి పేజీలో అంకె కనిపిస్తోంది, ఆయన లేదంటున్నాడు. కుర్రవాడి మొహం పాలిపోయింది. ఎవరో వెనక నుంచి మెల్లగా "బాపూ" అన్నారు. ఆయన మొహంలో మాత్రం బరువు దింపుకున్న హాయి కనబడింది. లేదు అని చెప్పే కొద్దీ ఆయన గొంతు తేలికపడుతోంది. ఆ తర్వాత ఆయన్ను కొత్త డ్రైవర్లకు నడపడం నేర్పే పనిలో పెట్టారు, యార్డు లోపలే, సిగ్నళ్ళు లేనిచోట. ఆ నిమిషాన మాత్రం ఆయనకు ఏ పనీ లేదు, ఆ సంగతి ఆయనకు తెలుసు.

ఇంకో పేజీ తిప్పాను. చూసినవాళ్ళందరూ మొదటిసారి తడుముకున్నారు. "గిండ్ల నిజంగనే ఏం లేదు కద," అన్నాడు కుర్రవాడు.

ఆ పుస్తకంలో అట్లాంటి పేజీలు కొన్ని ఉంటాయి. మంచి కళ్ళకు వాటిలో ఏమీ కనబడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్ళకు మాత్రమే అంకె తేలుతుంది. నేను చదువుకున్నానే తప్ప, ఆ అంకెను చూసిన మనిషిని ఎన్నడూ చూడలేదు.

"నలభై అయిదు," అన్నాడాయన.

"చూసిండ్రా, నేను చెప్పలే?" అని మేనేజరు కుర్చీలోంచి లేచాడు.

ఎవరూ ఆయన వైపు తిరగలేదు. పెద్దాయన పుస్తకం మీదికి వంగి, స్టీరింగ్ పట్టి పట్టి కాయలు కాసిన వేలితో చుక్కల మీద మెల్లగా గీస్తున్నాడు, నాలుగు, దాని పక్కన అయిదు.

"గీ పేజీ కాడ అందరు లేదనేటోళ్ళు. నేను గూడ లేదనే నేర్చుకున్న. ఎదురుంగ కొట్టొచ్చినట్టు కనబడ్తుంటె, ఏడాదికోపారి లేదు లేదు అనుకుంట వచ్చిన చెల్లె."

మళ్ళీ మొదటినుంచి గీశాడు, నా కోసం, ఇంకా మెల్లగా. నేను ఆయన వేలి వెంటే చూపు నడిపించాను.

"కనబడ్డదా?" అన్నాడు.

"లేదన్నా," అన్నాను.